చవక తూటాలు

కర్నూలులో ఒక కాలేజీ రైఫిల్ జట్టులో మాణిక్యాంబ అనే అమ్మాయి ఉండేది. గురి తప్పిన ప్రతిసారీ నేరం తూటాల మీదికి నెట్టేసేది.

ఇది ట్రాన్సిస్టర్ రేడియోలు భుజాన వేసుకుని జనం తిరిగే రోజుల మాట. ఆదివారం తెల్లవారేసరికి అమ్మాయిలు ఖాకీ బట్టల్లో, సైకిళ్ల మీద ఊరి చివర గుట్ట దగ్గరికి చేరేవారు. పక్క వేరుశనగ చేల మీది మంచు ఇంకా ఆరేది కాదు. సైన్యంలో పనిచేసి వచ్చిన సుబేదారు చెన్నకేశవులు ఒక్కొక్కరికీ పదేసి తూటాలు ఇచ్చేవాడు. ఫ్యాక్టరీ నుంచి సాధన కోసం వచ్చే చవక సరుకు అది.

"ఒకటి ఇటు పోతే ఇంకోటి అటు పోతుంది. వీటితో ఎవరు కొట్టగలరు సార్?" అనేది మాణిక్యాంబ.

"చవకవే, కాదనను. అవి ఎటు పోతున్నాయో చూశావా అమ్మా?" అనేవాడు సుబేదారు.

మాణిక్యాంబ చూసేది కాదు. పక్క జంపఖానా మీద పడుకుని కాల్చే ఖుర్షీద్ చూసేది. పది కాల్చగానే గురి కాగితం దగ్గరికి నడిచి, దాని మీది చిల్లులను వేళ్లతో కొలిచేది. "ఈ పెట్టెలోవి వేలెడు కిందికి, ఎడమకు పడుతున్నాయే" అంటూ వచ్చి, గురి సరిచేసుకోవడానికి రైఫిల్ మీది సైటు స్క్రూ తిప్పుకునేది.

"చవక సరుక్కి ఇంత సేవా?" అని మాణిక్యాంబ నవ్వేది.

ఆ ఏడు రాష్ట్ర జట్టులో ఒక్క చోటే మిగిలింది. ఎంపిక పోటీకి ముందు, మద్రాసులో రైఫిల్ క్లబ్బు సభ్యుడైన మేనమామ మాణిక్యాంబకు ఖరీదైన విదేశీ తూటాల పెట్టె తెచ్చి ఇచ్చాడు.

"వాడుకో. కానీ ముందు పది కాల్చి చూసుకో" అన్నాడు సుబేదారు.

"ఇంత మంచివి వృథా చేయడం ఎందుకు సార్?" అంది మాణిక్యాంబ. పోటీ దాకా ఒక్కటీ ముట్టలేదు.

పోటీ రోజు ఊపిరి బిగబట్టి పదీ కాల్చింది. కాగితం తెచ్చారు. పది చిల్లులూ రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. కానీ అన్నీ నడిమి నల్ల చుక్కకు రెండు వేళ్లు పైన, కుడివైపున. ఖుర్షీద్ చిల్లులు కాస్త చెదిరినా, ఆ చుక్క చుట్టూనే ఉన్నాయి. చోటు ఖుర్షీద్‌కే దక్కింది.

మాణిక్యాంబ తన కాగితం చేతిలోకి తీసుకుంది. నిందించడానికి ఈసారి తూటా కూడా మిగల్లేదు.

"తూటా మంచిదే, నీ చెయ్యీ మంచిదే" అన్నాడు సుబేదారు మెల్లగా. "తూటా మారితే అది పడే చోటూ మారుతుంది. ఆ సంగతి నువ్వు తెలుసుకోలేదు."

మరుసటి ఆదివారం ఆమె చవక తూటాలే అడిగి తీసుకుంది. పదీ కాల్చి, మొదటిసారి తనంతట తానే కాగితం దగ్గరికి నడిచింది. ఖుర్షీద్ వచ్చి పక్కన నిలబడి, ఎలా కొలవాలో చూపించింది. ఆ చలి పొద్దు, తూటా మందు వాసన, కాగితం మీద ఇద్దరి వేళ్లు... ఆ తర్వాత గెలిచిన పతకాలకన్నా అవే మాణిక్యాంబకు ఎక్కువగా గుర్తుండిపోయాయి.

నీతి: తెలియని మేలిమి వస్తువు కన్నా, గుణదోషాలు తెలిసిన సాదా వస్తువే గురికి చేరుస్తుంది.