మూడు దినాల తోలు

నమ్ము చూద్దాం. నమ్మవు, నాకు తెలుసు. నేను గూడ ఫస్ట్ నమ్మలే.

ఒక కురుమాయన ఉంటడు. మటన్ ముట్టడు. సరే, మస్తు మంది ముట్టరు. కానీ ఈయన పాలు గూడ తాగడు. పెరుగు వద్దు, నెయ్యి వద్దు, తేనె వద్దు. సలికాలంల పండ్లు టకటకా కొట్టుకుంటున్నా గొంగడి కప్పుకోడు. గొర్ల బొచ్చట అది. కురుమోళ్ళింట్ల పుట్టి గొంగడి వద్దంటడు. నవ్వకు, ఇను ముందు.

పేరు కొమురెల్లి. ఇరవై ఎనిమిదేండ్లు. తాతల కాన్నుంచి గొర్లే వాళ్ళకు. నాయిన సచ్చిపోయినంక మందనంత తమ్మునికి ఇచ్చేసి, రెండెకరాల్ల పల్లీ ఏసుకుంట బతుకుతుండు. గుట్ట కింద బుచ్చవ్వ అని ఒక గురువమ్మ ఉంటది, డెబ్బై దాటినయ్. ఆమె దగ్గర ఉపదేశం తీసుకున్నడు. మూడేండ్ల కింద ఆమె కాళ్ళ కాడ కూసోని, "అమ్మా, ఇగ జన్మల కత్తి పట్టను" అని ఒట్టు పెట్టిండు.

బుచ్చవ్వ మంచిదనలే, వద్దనలే. "ఇన్న" అన్నది. అంతే.

ఆమె గూడ మాంసం తినదు. కానీ మజ్జిగ తాగుతది, నాలుగు గొర్లను సాదుకుంటది, గొంగడి మీదనే పంటది. కొమురెల్లి ఆమెను దాటి పోయిండు. ఫోన్ల వీడియోలు చూసి చూసి, పాలంటే దూడ నోటికాడిది గుంజుకునుడే అని పాలు బంద్ పెట్టిండు. బిడ్డ పుడితే వాళ్ళింట్ల ముందుగాల గొంగడి మీద పండవెడ్తరు. ఈయన దుప్పటి పరిచిండు. బిడ్డకు కరుణ అని పేరు పెట్టిండు. ఊరు నవ్వింది. ఆ నవ్వు గూడ వానికి తియ్యగనే అనిపించింది. గురువు కంటే ఒక మెట్టు పైకెక్కినట్టు. ఎవ్వరికీ చెప్పలే గని లోపల గదే.

ఇప్పుడు కరుణకు పద్నాలుగు నెలలు. తల్లి శ్యామలకు పాలు తగ్గినయ్. బిడ్డ గంజి తాగుతది, అరటిపండు తింటది, ఇంకోటి లేదు. అంగన్‌వాడీల తూకం ఏస్తే చార్టుల చుక్క పచ్చరంగుల కెల్లి పసుపులకు జారింది. పోయిన నెల ఇంకా కిందికి. అక్కడి నర్సమ్మ కొమురెల్లిని, శ్యామల వాళ్ళ అన్న బీరయ్యను పక్కపక్కన కూసోవెట్టి చెప్పింది. పప్పు మెదిపి పెట్టుండ్రి, నూనె చుక్క ఎయ్యుండ్రి, పల్లీలు నూరి కలుపుండ్రి, పాలు, పెరుగు, గుడ్డు... ఉట్టి గంజితోటి బిడ్డ ఎట్ల బతుకుతది అని తిట్టింది గూడ.

ఆమె ఆరు పేర్లు చెప్పింది. బీరయ్యకు గుడ్డు ఒక్కటే ఇనవడ్డది. కొమురెల్లికి గూడ గుడ్డు ఒక్కటే ఇనవడ్డది.

తెల్లారే బీరయ్య స్కూటర్ మీద దిగిండు. గుడ్డు గాదు, ఏకంగ కోడినే తెచ్చిండు. హ్యాండిల్‌కు నాటుకోడి, కాళ్ళు కట్టి, తలకిందుల ఏలాడుతుంది.

"బావ, ఇయ్యాల నీ ముందటనే నా మేనకోడలు నోట్లె సూప్ పడాలె. కాదంటవా, తల్లిని బిడ్డను స్కూటరెక్కించుకొని పోత. మళ్ళ ఈ గడప తొక్కరు."

"నా బిడ్డ నోట్లె నెత్తురు పొయ్యనియ్య."

"బిడ్డను సాదుతున్నవా, ఒట్టును సాదుతున్నవా? ఒట్టు మంచిగ బలిసింది బావ. బిడ్డనే బక్కగైంది."

"నోరు జాగ్రత్త బీరయ్యా!"

"గొంగడి లేని కురుమోడు నాకు జాగ్రత్త చెప్పవట్టె!"

కొమురెల్లి చెయ్యి లేచింది. బీరయ్య అంగీ చేతులు మడిచిండు. శ్యామల నడుమ జొర్రింది, భుజం మీద బిడ్డ. అప్పుడు ముగ్గురికి ఒకటేసారి సమజైంది. ఇంత లొల్లి అయితున్నా బిడ్డ ఏడుస్తలేదు. కండ్లు తెర్చి ఉన్నది. ఏడ్సుడుకు బలం గావాలె గదా.

కొమురెల్లి చెయ్యి దించిండు. "బుచ్చవ్వ కాడికి పోదాం. అమ్మ ఏదంటే అది."

వాని మనసుల ఏమున్నదంటే, అమ్మ మాంసం తినదు, నా దిక్కే అంటది.

"నడువు మరి" అన్నడు బీరయ్య. వాని మనసుల ఏమున్నదంటే, ముసల్ది గొర్లను కాసినామె, నా దిక్కే అంటది.

శ్యామలను ఎవ్వరూ ఏం అడగలే. బిడ్డనెత్తుకొని ఎనక నడిచింది. బీరయ్య స్కూటర్ నూకుకుంట వచ్చిండు. కోడి గూడ వచ్చింది.

బుచ్చవ్వ గుడిసెల లేదు, దొడ్డిల ఉన్నది. నేల మీద మోకాళ్ళేసుకొని కూసున్నది. పొద్దుగాలనే ఒక గొర్రె ఈని సచ్చిపోయింది, దాని పిల్ల బతికున్నది. ఇంకో గొర్రె, నొసట తెల్ల బొట్టుది, అది బతికున్నది, దాని పిల్ల సచ్చి పుట్టింది. ఇగ లెక్క మంచిగనే కుదిరింది అనుకుంటున్నవా? గొర్రె గట్ల అనుకోదు. తల్లిలేని పిల్ల పొదుగు దిక్కు పోతే చాలు, బొట్టు గొర్రె వాసన చూసి కుమ్మి పడేస్తుంది. నా పిల్ల కాదు, పో అని.

ఈ బావబామ్మర్దులు పోవుడు పోవుడే మొదలు పెట్టిన్రు. ఇద్దరు ఒకటేసారి. "అమ్మా నువ్వే చెప్పు" అని వీడు, "అవ్వా నువ్వే చెప్పు" అని వాడు.

ఆమె తలెత్తలే. "లొల్లి ఆపుండ్రి. ఇది సచ్చేటట్టున్నది."

పిల్ల మళ్ళ లేచింది. మళ్ళ పొదుగు దిక్కు పోయింది. బొట్టు గొర్రె మళ్ళ కుమ్మింది. ఈసారి పిల్ల లేవలే. ముందటి కాళ్ళు మడిచి అట్లనే ఉన్నది. అరుపు గూడ సన్నగైంది, ఎక్కడో దూరం కెల్లి వస్తున్నట్టు.

ఇప్పుడు ఏం చెయ్యాలెనో అక్కడ అందరికీ ఎరుకే. గొర్లకాపర్లకు చిన్నప్పుడే ఎరుక. సచ్చిన పిల్ల తోలు ఒలిచి, బతికున్న పిల్లకు తొడగాలె. తల్లి వాసన చూస్తది. నా పిల్లనే అనుకుంటది. పాలిస్తది.

బుచ్చవ్వ రొంటిల కెల్లి చిన్న కత్తి తీసింది. కొమురెల్లి దిక్కు సాపింది.

"నా కండ్లు ఆనుత లేవు. నువ్వు చెయ్."

"అమ్మా... కత్తి పట్టనని నీ కాళ్ళ కాడనే ఒట్టు పెట్టిన."

"పెట్టినవ్."

అంతే అన్నది. చెయ్యి మాత్రం గుంజుకోలే. కత్తి అట్లనే సాపి ఉన్నది.

బీరయ్య ఆగలేకపోయిండు. "ఇటియ్యి అవ్వా, నేను రెండు నిమిషాల్ల ఒలుస్త."

"నిన్ను అడగలే బిడ్డ."

పిల్ల ఒకసారి అరిచింది. ఇంకోసారి నోరు తెర్చింది గని సప్పుడు రాలే. కొమురెల్లి వంగి దాని చెవు ముట్టి చూసిండు. సల్లగున్నది. చెవు సల్లబడితే ఇంకెంతసేపో వాళ్ళ నాయిన చెప్పిండు వానికి. శానసేపు ఉండదు.

తల తిప్పిండు. శ్యామల భుజం మీద కరుణ అదే పిల్లను చూస్తుంది. నోరు తెర్చే ఉన్నది. సప్పుడు లేదు.

కొమురెల్లి కత్తి అందుకున్నడు.

సచ్చిన పిల్లను ముందటికి గుంజుకున్నడు. మూడేండ్లు కాదు, ముప్పై ఏండ్లైనా చేతులు మర్వయ్ అనుకుంట. నాలుగు కాళ్ళకు నాలుగు సందులు ఉంచి, తోలును బనీను లెక్క తీసిండు. అది ఇంకా గోరువెచ్చగనే ఉన్నది. మోచేతుల దాంక నెత్తురు. కండ్ల కెల్లి నీళ్ళు కారుతున్నయ్, తుడ్సుకోవస్తలేదు. పిల్ల కాళ్ళు ఒక్కొక్కటి పట్టుకొని ఆ సందుల్ల దూర్చిండు. రెండు తోకలైనయ్ దానికి. ఎత్తుకపోయి బొట్టు గొర్రె ముందట నిలవెట్టిండు.

గొర్రె తల వంచింది. కుమ్ముతదనుకున్నరు.

తోక కాడ మూతి పెట్టి వాసన చూసింది. కాలితోటి నేల గీరింది. బీరయ్య ఊపిరి బిగవట్టిండు, అప్పటిదాంక ఎగిరినోడు. గొర్రె ఇంకోసారి వాసన చూసింది. నాకింది. పక్కకు తిరిగి కాళ్ళెడం చేసి నిలవడ్డది.

పిల్ల తోక ఊగుడు మొదలైంది. రెండు తోకలు.

చాలసేపు అదొక్కటే సప్పుడు, పిల్ల గుటకలేసే సప్పుడు.

బీరయ్య తొడ కొట్టిండు. "సూసినవా బావ! నీ గురువే కత్తి పట్టించింది. ఇగ అడ్డం లేదు. కోడిని కోస్త, పొయ్యి ముట్టియ్యి చెల్లె!"

"ఏం రా బీరయ్యా" అన్నది బుచ్చవ్వ. "ఆ పిల్ల తోలు తిన్నదారా, పాలు తాగిందారా?"

స్కూటర్ దిక్కు పోయేటోడు ఆగిపోయిండు.

"అమ్మా, మరి నా బిడ్డకు ఏం పెట్టాలె?" కొమురెల్లి అడిగిండు. గెలుద్దామని అడగలే ఈసారి. నిజంగనే అడిగిండు.

బుచ్చవ్వ వానికి జవాబు చెప్పలే. లేచి, నడుము పట్టుకొని, శ్యామల దగ్గరికి పోయింది. బిడ్డ కాలు పట్టి చూసింది, కట్టె లెక్కున్నది.

"ఏం తింటదే బిడ్డ?"

శ్యామల మొగుని దిక్కు చూసింది, అన్న దిక్కు చూసింది. మెల్లగ అన్నది.

"పల్లీలు ఏంచి, మెత్తగ నూరి, జొన్న గట్కల కలిపి పెడితే మస్తు తింటదవ్వా. ఆయన గంజే చాలంటడు, ఆయన లేనప్పుడు పెట్టిన. ఎదురింటి అవ్వ ఒకనాడు పెరుగన్నం పెడితే గిన్నె నాకింది. గుడ్డు రెండుసార్లు పెట్టి చూసిన. ఉమ్మేసింది."

కొమురెల్లి మొఖం చూడాలె అప్పుడు. వాని చేన్లనే పండినయ్ పల్లీలు. ఇంటెనక రెండు బస్తాలున్నయ్.

"మరి ఇన్నొద్దులు చెప్పలేదేందే?" అన్నడు.

"ఎవ్వరడిగిన్రు?"

గంతే అన్నది. కోపంగ గూడ అనలే. కోపంగ అంటే మంచిగుంటుండే, వానికి ఏదన్న అనవస్తుండే.

కొమురెల్లి పోయి తొట్టి కాడ చేతులు కడుక్కున్నడు. మస్తుసేపు కడుక్కున్నడు. వచ్చేసరికి బుచ్చవ్వ గుడిసె ముందట గొంగడి పరిచి ఉన్నది, మీద ఒక గిన్నె. ఆమె రాత్రి తోడు పెట్టుకున్న పెరుగు, గొంతుల దిగేటట్టు మెదిపిన అన్నం. శ్యామల బిడ్డనెత్తుకొని నిలవడే ఉన్నది. కూసోలే. మొగుని దిక్కు చూస్తుంది.

వాడు గొంగడిని చూసిండు. గిన్నెను చూసిండు. పెళ్ళాం చేతుల కెల్లి బిడ్డను అందుకొని, గొంగడి మీద కూసోవెట్టిండు.

"మొదటి బుక్క ఎంత పెట్టాలె?" అని శ్యామలను అడిగిండు.

దొడ్డి కెల్లి బుచ్చవ్వ కేకేసింది. ఇటు చూస్తలేదు, గొర్రె కాడ నిలవడి పిల్ల ఈపు నిమురుతుంది.

"కొమురెల్లీ! తోలు మూడు దినాలే. తల్లికి పిల్ల అలవాటైనంక తీసెయ్యాలె. అట్లనే ఉంచితే అదే కుళ్ళి పిల్లను సంపుతది. మర్వకు."

బిడ్డ నోరు తెర్చి ఎదురుచూస్తుంది.

"ఇన్నమ్మా" అన్నడు.

మరి కోడి ఏమైంది అంటవా? స్కూటర్‌కు ఇంకా ఏలాడుతనే ఉన్నది గదా. బీరయ్య దాని దగ్గరికి పోయిండు, దాని కాళ్ళ తాడు పట్టుకొని బుచ్చవ్వ దిక్కు చూసి, ఆ కోడిని — ఆగురా, మా ఇంట్లకెల్లి అవ్వ పిలుస్తుంది, అన్నం సల్లారుతుందట. కోడి సంగతి రేపు చెప్త.