వడ్డించే మనిషి విస్తరి

ఒకానొకప్పుడు ఒక రాజ్యం ఉండేది. పేరు నాకు తెలియదు. ఏదో ఒక పేరు పెట్టేద్దామనుకున్నాను గానీ, చిన్నప్పుడు భూగోళం పరీక్షలో నేను సొంతంగా పెట్టిన పేర్లకు మాస్టారు ఇచ్చిన మార్కులు గుర్తొచ్చి ఊరుకున్నాను. రాజుగారి పేరు మాత్రం తెలుసు. ఉద్దండరాయలు. ఆయనకు ముప్పైరెండు బిరుదులు. వందిమాగధులు అవన్నీ చదివి ముగించేసరికి, మొర పెట్టుకోవడానికి వచ్చినవాళ్లలో సగంమంది ఎందుకొచ్చారో మరిచిపోయి ఇంటికి వెళ్లిపోయేవారు.

ఆ కొలువులో కొమ్మన అనే అతను ఉండేవాడు. రాజుగారికి తాంబూలం అందిస్తూ కబుర్లు చెప్పడం అతని ఉద్యోగం. భోజనప్రియుడు. నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా గుండ్రంగానే కనిపించేవాడు.

కోటలో పనిచేసేవాళ్లకు ప్రతి సంతరోజునా కొఠారు నుంచి వారం బత్తెం ఇచ్చేవారు. ఇంటికింత బియ్యం, ఇంత పప్పు, కూరలకు నాలుగు కాసులు. అది ఆనవాయితీ. ఆ ఏడు లెక్కల మంత్రి గణపామాత్యుడికి ఒక ఆలోచన పుట్టింది. ఇంటికింత ఏమిటి, మనిషికింత అని కొలిస్తే పోదా? ఇంటింటికీ మనుషుల్ని పంపి తలలు లెక్క పెట్టించాడు. కొఠారులో ధాన్యం గుట్టగా మిగిలింది. రాజుగారు మురిసిపోయి మంత్రికి శాలువా కప్పారు.

మరుసటి నెల గుర్రపుసాలలో పనిచేసే పోలయ్య భార్య ఎర్రమ్మ కొమ్మన ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడుతూనే తూలి గోడ పట్టుకుంది.

"ఏమైంది ఎర్రమ్మా?"

"ఏం లేదయ్యా. బత్తెం చాలడం లేదు. మీరు రాజుగారి చెవి దగ్గర ఉండే మనిషి కదా, ఓ మాట వేస్తారేమోనని."

"నీ వంట గురించి కోటంతా చెప్పుకుంటారు. నీకే చాలడం లేదా?"

"నాకు చేతనైనదంతా చేస్తున్నానయ్యా. సంతకి పొద్దున్నే పోను. అందరూ బుట్టలు సర్దుకునే వేళకి పోతే, మోసుకుపోలేక సగానికి సగం ధరకే ఇచ్చేస్తారు. బీరకాయ కూరొండితే దాని తొక్కు పచ్చడి చేస్తాను. గుమ్మడికాయ పులుసైతే గింజలు వేయించి పొడి కొడతాను. గుర్రాలకి ఉలవలు ఉడికించాక ఆ నీళ్లు పారబోస్తుంటే తెచ్చుకుని చారు కాస్తాను. ఇంట్లో ఎవరూ ఆకలని లేవరు. అయినా ఎక్కడో తక్కువవుతోంది."

కొమ్మన ఆమెను కూర్చోమన్నాడు. "లెక్క రాసుకోవడానికి మంత్రిగారి మనుషులు ఏ వేళకొచ్చారు?"

"సరిగ్గా భోజనాల వేళకి. అప్పుడైతే అందరూ ఇంట్లో ఉంటారని. మా ఇంట్లో పరిచిన విస్తళ్లు లెక్కపెట్టుకుని, అయిదని రాసుకుపోయారు."

కొమ్మన ఎర్రమ్మ ముఖంలోకి చూశాడు. తరవాత లోపలికి వెళ్లి, ఆమెకు చెంబుడు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు కొలువులో తాంబూలం అందిస్తూ బత్తెం మాట ఎత్తాడు. ఉద్దండరాయలు మీసం దువ్వుకున్నారు.

"ఏమోయ్ కొమ్మనా! బత్తెం తక్కువ కాదు, వాళ్లకు పొదుపు తక్కువ. నేర్పున్న ఇల్లాలి చేతిలో పడితే ఆ బత్తెంతో రాజభోజనం పెట్టొచ్చు. కాదంటావా?"

"అననండి. పందెం వేస్తాను. ఎర్రమ్మకు అయిదు విస్తళ్ల బత్తెం ఇప్పించండి. ఏడు రోజులు తమ కొలువువారు అయిదుగురికి కోట భోజన సావడిలోనే వండిపెడుతుంది. ఏడోరోజు భోజనం ముగిసేసరికి ఆ సావడిలో ఉన్న ప్రతి కడుపూ నిండితే మంత్రిగారి లెక్క ఒప్పు. నా ఇల్లూ వాకిలీ తమవి. ఒక్క కడుపు ఖాళీగా మిగిలినా లెక్క తప్పు. తిరగరాయించాలి."

"ఇల్లు ఖాళీ చేసుకో," అన్నాడు గణపామాత్యుడు. "నీ వంటావిడ గురించి నేనూ విన్నాను."

ఈ మాట తెలిసి ఎర్రమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఎంత పని చేశారయ్యా! పోనీ, పప్పులో గుప్పెడు ఉప్పు ఎక్కువేసేయనా? తినలేక లేచిపోతారు, మనం గెలుస్తాం."

"వేశావంటే ఊరుకోను. పుట్టి బుద్ధెరిగాక ఎంత బాగా వండావో అంతకన్నా బాగా వండు."

"వాళ్ల కడుపులు నిండితే మీ ఇల్లు పోతుందిగా!"

"నువ్వు వండు తల్లీ. వడ్డన నాది."

మొదటిరోజు మునగాకు పప్పు, బీరతొక్కు పచ్చడి. మంత్రి, సేనాపతి, పురోహితుడు, కోశాధికారి, ఆస్థాన జ్యోతిష్కుడు వరసగా కూర్చున్నారు. విస్తళ్లు తుడిచినట్టు తిన్నారు. రెండోరోజు గుమ్మడి పులుసు. మూడోరోజు ఉలవచారు. సేనాపతి మూడుసార్లు పోయించుకుని, "ఇలాంటిది మా ఇంట్లో ఎందుకు చేయరు?" అని మండిపడ్డాడు. అవి తన గుర్రాలకు ఉడికించిన ఉలవల నీళ్లని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అరటిదూట కూర, పచ్చిమామిడి తొక్కలతో పులుసు, ఇలా రోజుకో రుచి. ఈ పేర్లు రాస్తుంటే నాకే ఆకలేసి ఒకసారి లేచి వంటింట్లోకి వెళ్లొచ్చాను. అక్కడ నాకు అటుకుల డబ్బా తప్ప ఏదీ దొరకలేదు. నా పాండిత్యం అంతమాత్రం.

ఆరు రోజులూ కొమ్మనే వడ్డించాడు. వారితోపాటు కూర్చోలేదు, ఇంటికి వెళ్లీ తినలేదు, మిగిలిన గంజితోనే సరిపెట్టుకున్నాడు. ఆరోరోజుకి పంచె జారిపోతుంటే ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో వడ్డించాడు. మంత్రి ఇల్లు కొలవడానికి గొలుసు కూడా తెప్పించుకున్నాడు.

ఏడోరోజు పొద్దున కొమ్మన రాజుగారి ముందు వంగాడు.

"ప్రభూ, ఓడిపోయేటట్టున్నాను. తమరికి ముప్పైరెండు బిరుదులున్నాయి గానీ అన్నదాత అన్న బిరుదు లేదు. ఇవాళ తమ చేతుల మీదుగా వడ్డిస్తే వందిమాగధులు ముప్పైమూడోది చదువుతారు. వడ్డన కాగానే భోజనం కూడా అక్కడే. ఇల్లాళ్ల పద్ధతి అదే కదా."

బిరుదు అనేసరికి రాయలవారికి ఒళ్లు పులకరించింది. రోజూ మధ్యాహ్నం గంట కొట్టీ కొట్టకముందే తినే మనిషి, పొద్దుటి ఫలహారం కూడా మానేసి వచ్చారు.

ఆ రోజు వంకాయ కూర. మూత తీయగానే సావడంతా ఘుమఘుమ. రాజుగారు పట్టువస్త్రం నడుముకు బిగించి గరిటె పట్టుకున్నారు.

"ప్రభూ, కూర ఇంకొంచెం," అన్నాడు పురోహితుడు. వేశారు.

"ఇటు పప్పు, ఏలినవారూ!" అన్నాడు సేనాపతి. వేశారు.

"అన్నదాతా, అన్నం!" అన్నాడు మంత్రి. వంగి వంగి వేశారు. ఒక పక్క నడుం లాగుతోంది. మరో పక్క నోరూరుతోంది. చివరికి అయిదుగురూ తృప్తిగా చేతులు కడుక్కున్నారు.

"నిండాయా?" అని గర్జించారు రాజుగారు.

"నిండాయి!" అన్నాయి అయిదు గొంతులు.

"విన్నావా కొమ్మనా! ఇల్లు ఖాళీ చెయ్యి. ముందు నాకు విస్తరి వెయ్యి, ఆకలి చంపేస్తోంది."

"తమరికి విస్తరి లేదు ప్రభూ."

రాజుగారు గరిటె కింద పెట్టారు.

"ఏమన్నావ్?"

"లెక్కలో అయిదే ఉన్నాయి."

"మరి ఇంతసేపూ వడ్డించింది ఎవరు?"

"అందుకే లేదు. మంత్రిగారి మనుషులు భోజనాల వేళ ఇంటింటికీ వెళ్లి పరిచిన విస్తళ్లు లెక్క పెట్టారు. వడ్డించే మనిషి ఆ వేళకు నిలబడి ఉంటుంది. కోటలో ఏ ఇంట్లోనూ నిలబడినవారికి కడుపుందని రాసుకోలేదు."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ఆడవాళ్లు చివర్న మిగిలింది తింటారు ప్రభూ. ఎప్పుడూ ఉన్నదే."

రాజుగారు గిన్నెలోకి తొంగిచూశారు. "ఏం మిగిలింది?"

ఎర్రమ్మ వంటసాలలోంచి చిన్న ముంతతో వచ్చింది. "కూర్చోండి బాబూ. అన్నం అడుగంటిన మాడు ఉంది. గంజిపోసి, ఉప్పురాయి వేశాను. నెలరోజులుగా నేను తింటున్నది ఇదే. నమిలితే దిగుతుంది."

ఉద్దండరాయలు కిందనే కూర్చున్నారు. ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకా నమిలారు. ఎర్రమ్మ వైపు చూశారు, ఆమె మెడ ఎముకల వైపు చూశారు, తల దించుకున్నారు.

సరిగ్గా అప్పుడే గణపామాత్యుడికి తేన్పు వచ్చింది. చిన్నది కాదు. సావడి దూలాల దాకా మోగింది. మంత్రి రెండు చేతులా నోరు మూసుకున్నాడు. రాజుగారు అతని ముఖం చూశారు, చేతిలో మాడు చూసుకున్నారు, నవ్వు ఆపుకోలేకపోయారు. కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వారు.

"ఓడానోయ్ కొమ్మనా! ఒక్క కడుపు మిగిలినా అన్నావు, అది నాదే అయింది!"

చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగారు. చిక్కిపోయిన చేతికి అది నిలవక మోచేతి దాకా జారింది. "ఏడు వారాలు నా పంక్తిలో భోజనం చెయ్యి, సరిపోతుంది," అన్నారు. ఎర్రమ్మకు పట్టుచీర, పుట్టెడు ధాన్యం. నెలరోజుల్లో తగ్గించిన బత్తెం కొఠారు నుంచి ఇంటింటికీ వెనక్కి.

"ఇక లెక్క తిరగరాసేది మీరే మంత్రిగారూ. మనుషుల్ని పంపడం కాదు, మీరే వెళ్లాలి. ప్రతి ఇంట్లోనూ చివరి మనిషి కూర్చుని తిని లేచేదాకా ఉండి, అప్పుడు రాయాలి," అన్నారు రాజుగారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎర్రమ్మ ఇంటి ముందు ఎండలో గణపామాత్యుడు తాటాకులు, గంటం పట్టుకుని నిలబడ్డాడు. లోపల అయిదుగురూ తిని లేచారు. అప్పుడు ఎర్రమ్మ నిదానంగా పెద్ద విస్తరి పరుచుకుని, పీట వాల్చుకుని కూర్చుంది.

"అయిందా అమ్మా?" అన్నాడు మంత్రి, చెమట తుడుచుకుంటూ.

"అప్పుడేనా అయ్యగారూ!" అంది ఎర్రమ్మ, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "ఇంకా పచ్చడుంది, చారుంది, పెరుగుంది. మీరు అలా నీడకి జరగండి."