నాగవల్లిని దించిన ముని

పూర్వం కృతయుగంలో ధూమ్రాయణ మహర్షి ధర్మపత్ని సువ్రతను వరుణుడు చంపాడు. ఇందులో వాదానికేమీ లేదు. ఆ సాధ్వి నాగలోకం నుంచి నాగవల్లిని, అంటే తమలపాకు తీగను తెచ్చి, కృష్ణవేణీ తీరాన అవిశె చెట్ల నీడలో నాటి, జమ్ము గడ్డితో కట్టి పాకించి, చెప్పుకాలు తోటలో పడనీయక బిడ్డలా పెంచింది. వరుణుడు మూడేళ్లు వాన కురిపించలేదు. ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, పొద్దస్తమానం కడవలు మోసి, తీగ పచ్చగా ఉండగానే తాను దాని మొదట్లో కూలిపోయింది.

నాటి నుంచి మహర్షి ఆ తోటలో ఆకు తుంచనివ్వలేదు. ఆమె కట్టిన ముడి ఒక్కటీ విప్పలేదు. తీగ అవిశె కొనలు దాటి, పట్టు దొరక్క వేలాడింది. ఆకు చిన్నదై పండుబారింది. ఆయన చూసీ చూడనట్టు జపం చేసుకునేవాడు.

అంతలో దేవతల యాగం, బ్రహ్మదేవుడికి ఇవ్వడానికి తాంబూలం లేక, పూర్ణాహుతి దగ్గర ఆగిపోయింది. తప్పు చేసినవాడే వెళ్లాలని దేవేంద్రుడు పాశహస్తుడైన వరుణుణ్ణే పంపాడు.

వరుణుడు గట్టు మీద పాదుకలు విడిచి చేతులు జోడించాడు. మహర్షి కమండలం వంచి దోసిట శాపజలం పట్టాడు.

"ఏం జలాధిపతీ, సముద్రాలు ఇంకిపోయాయా, నా దాకా వచ్చావు?"

"ఆకు కోసం వచ్చాను స్వామీ. కాని ఇక్కడ కోసేటంత ఆకు లేదు. ఈ ఏడు దాటితే తీగా ఉండదు."

మహర్షి దోసిలి పైకెత్తాడు.

"శపించండి, పడతాను. ముందు ఒక్క మాట వినండి. ఏటా తీగను దించి, చుట్టచుట్టి మట్టిలో కప్పకపోతే నాగవల్లి బతకదు. ఆ తల్లి దించేది. పైనుంచి చూసేవాణ్ణి."

"కడవ మోస్తున్నప్పుడూ చూసే ఉంటావు."

వరుణుడు తల వంచాడు.

పట్టిన జలం ఎక్కడో ఒకచోట విడవక తప్పదు. మహర్షి వంగిన ఆ తల వంక చూసి, తీగ వంక చూసి, చాలాసేపటికి శాపం ఉపసంహరించి నీటిని తీగ మొదట్లో విడిచాడు. ఆపైన సువ్రత కట్టిన ముడులు ఒక్కొక్కటే విప్పి, తీగను దించి, చుట్టి, కొన మాత్రం పైకి ఉంచి మట్టి కప్పాడు. వరుణుడు సాయం రాబోతే వద్దన్నాడు.

ఆ సాయంత్రమే వాన కురిసింది. నెల తిరక్కుండా తీగ అరచేతంత ఆకులు వేసింది. తాంబూలం బ్రహ్మదేవుడికి అందింది, యాగం పూర్తయింది, ఋతువులు దారిన పడ్డాయి. వరుణుడు మళ్లీ వచ్చి వరం కోరుకోమన్నాడు.

"ఆకుతోట కాలవలు ఏ వేసవిలోనూ ఎండకూడదు."

"తథాస్తు. సువ్రతాదేవి విషయంలో నేను..."

"ఆ పేరు నీ నోట రానీయకు. నేనూ ఇక ఎత్తను."

ఆ తర్వాత మహర్షి వెయ్యేళ్లు బతికాడు. ఈ తీగను తెచ్చి నాటిందెవరని ఋషులు అడిగారు, రాజులు అడిగారు. ఆయన ఆ పేరు చెప్పలేదు.