డప్పుకి బెదరని కుక్కలు

కోటలో వేటకుక్కల అధికారి ప్రతాపరాయుడికి తన కుక్కల జాతి చూసుకుని మహా గర్వం. డప్పు మోతకి ఉలిక్కిపడని కుక్కపిల్లల్నే ఉంచి జత కట్టించడం, మిగతావాటిని చంపించడం అక్కడ తాతలనాటి ఆచారం.

ఒకనాడు మేకలు కాసే ఎల్లమంద కుక్క కోట కుక్కలతో తిరుగుతోందని పట్టి తెప్పించి, రాజుగారి ఎదుట డప్పు కొట్టించాడు. ఆ కుక్క ఉలిక్కిపడి ఎగిరింది.

"పిరికి రక్తం! చంపేయండి!" అన్నాడు.

ఎల్లమంద దణ్ణం పెట్టాడు. "చంపేముందు మీ కుక్కల్నీ, నా కుక్కనీ వెనకనుంచి ఒక్కసారి కూటికి పిలవండి దొరా!"

ప్రతాపరాయుడు గొంతు చించుకున్నాడు. కోట కుక్కల్లో ఒక్కటీ తల తిప్పలేదు. ఎల్లమంద కుక్క మాత్రం పరుగెత్తుకొచ్చి గిన్నె నాకింది.

"వీటిది ధైర్యం కాదు మహారాజా, చెవుడు! వినపడే పిల్లల్ని తరతరాలుగా చంపించి, చెవిటివాటినే మిగిల్చుకున్నారు," అన్నాడు ఎల్లమంద.

రాజు ఆ డప్పు చింపించాడు. మరుసటి ఈతలో కోటలో పుట్టిన పిల్లలన్నిటికీ తండ్రి ఎల్లమంద కుక్కే!