మెత్తగడ్డి మింగిన తిట్లు

ఒకప్పుడు మొక్కలకి వాసన లేదు. నోరుంది.

మల్లెతీగ మాట్లాడేది, వంగమొక్క మాట్లాడేది, గుమ్మడితీగ అయితే ఊపిరి కూడా తీసుకోకుండా మాట్లాడేది. అందరిలోకీ మర్యాదస్తురాలు ఎవరంటే, నిమ్మతోట గట్టు మీద ఉండే మెత్తగడ్డి. ఆవిడకి ఉన్న జబ్బల్లా ఒకటే, మొహమాటం. ఎవరైనా వచ్చి తన మీద కాలు వేస్తే, "అయ్యో, మీ కాలికి ఏం కాలేదు కదా?" అని అడిగేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని వాళ్ళమ్మ నేర్పింది. ఆ అమ్మని ఒక ఎద్దు తినేసింది. "నిదానంగా నమలండి, పొలమారుతుంది" అన్నదట ఆఖరి నిమిషంలో. అయినా కూతురు ఆ పాఠం మరిచిపోలేదు.

ఒకరోజు పొద్దున్నే మిడతయ్య వచ్చాడు.

"ఊరికే, పలకరించి పోదామని వచ్చానమ్మా."

"రండి రండి. ఏమైనా తిని వెళ్ళండి."

"అబ్బే, ఇప్పుడే తిని వచ్చాను."

"అలా అంటే ఎలాగండీ? కాస్త ఎంగిలి పడండి."

మిడతయ్య ఒక ఆకు తిన్నాడు. "ఇంకొక్కటి తినండి, మొహమాటపడకండి" అంది మెత్తగడ్డి. ఆయన పడలేదు. పదకొండు ఆకులు తిని, మూతి తుడుచుకుని, "వెళ్ళొస్తాను" అన్నాడు.

మన దగ్గర "వెళ్తాను" అనకూడదు కదా, "వెళ్ళొస్తాను" అనాలి. అందరూ అంటారు. కానీ మిడతయ్య మాట మీద నిలబడే మనిషి. గట్టు చివరిదాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. "వచ్చానమ్మా" అన్నాడు. ఆ రోజు అలా ఆరుసార్లు వెళ్ళొచ్చాడు.

తర్వాత వానలు పట్టాయి. బూజక్క వచ్చింది.

"తడిసి ముద్దయ్యానమ్మా. నీ మొదట్లో కాస్త నడుం వాలుస్తా."

"అంత అడగాలా? మీ ఇల్లే అనుకోండి."

బూజక్క అలాగే అనుకుంది. తెల్లటి చాప ఒకటి తీసి పరుచుకుంది. మర్నాడు వాళ్ళ చెల్లెళ్ళు వచ్చారు, ఎవరి చాప వాళ్ళే తెచ్చుకున్నారు. నాలుగు రోజులకి మెత్తగడ్డి మొదలంతా చాపలే. కింద దురద, పైన ఆకులు పసుపుపచ్చ.

మెత్తగడ్డికి ఏడు పిలకలు ఉండేవి. పిలకలంటే మొదట్లోంచి పుట్టుకొచ్చే పిల్లలు. నాలుగింటిని మిడతయ్య తినేశాడు. రెండు బూజక్క చాప కింద కుళ్ళిపోయాయి. మెత్తగడ్డికి కడుపు తరుక్కుపోయింది. పైకి మాత్రం, "ఇంకేమైనా కావాలాండీ?" అని అడిగేది. నాకైతే ఈ చోటుకి వచ్చేసరికి ఒళ్ళు మండిపోతుంది. ఇదేం మర్యాద!

చివరికి ఒక్క పిలక మిగిలింది. పేరు చిన్ని. రెండు వేళ్ళంత కూడా లేదు.

పక్కనే నిమ్మత్త ఉండేది. ఒంటినిండా ముళ్ళు, ముళ్ళకంటే నోరు పదును. ఆవిడిది నెల్లూరు యాస.

"ఏందమ్మే, బిడ్డల్ని తింటా ఉంటే గమ్మునుండావు? తిట్టు!"

"నాకు తిట్టడం రాదత్తా. నోరు మంచిదైతే ఊరు..."

"ఊరు మంచిదై నిన్ను నమిలేస్తా ఉందే! నోరుంటే తల కాస్తుంది. నేను చెప్తా, నేర్చుకో. అను: నీ మొహం మండ!"

"మీ... మొహం... మండకుండా చూసుకోండి."

నిమ్మత్త తల కొట్టుకుంది. తన ముల్లు తనకే గుచ్చుకుంది.

"ఇంకోటి అను: తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా!"

"వాసాలు లెక్కపెడుతున్నారా? ఉండండి, నిచ్చెన తెప్పిస్తాను."

రాక కాదు. మెత్తగడ్డికి ప్రతి తిట్టూ కంఠతా వచ్చు, నిమ్మత్త యాసతో సహా. కానీ తిట్టు నాలుక చివరికి వచ్చేసరికి ఎదురుగా చుట్టం మొహం కనిపించేది. గుటుక్కున మింగేసేది. పొద్దున నలభై తిట్లు, సాయంత్రం నలభై. మింగిన తిట్లు ఎక్కడికి పోతాయి? ఆకుల్లోకి దిగి, నూనె చుక్కలై, అక్కడే సలసలా కాగుతూ ఉండిపోయాయి. ఆ ఉక్రోషానికి ఆకుల అంచులు కత్తుల్లా తయారయ్యాయి.

ఒకరోజు మిడతయ్య, "వచ్చానమ్మా" అంటూ వచ్చి చుట్టూ చూశాడు. ఒక్కటి తప్ప ముదురాకులన్నీ ఎండిపోయి ఉన్నాయి. చిన్ని కనిపించింది.

"ఈ లేతది బావుందే" అన్నాడు.

"అమ్మా!" అని అరిచింది చిన్ని.

మెత్తగడ్డికి తిట్టు గొంతులోకి వచ్చింది. పళ్ళదాకా వచ్చింది.

"అయ్యా..." అంది. అంతే వచ్చింది.

"అనవే! అను!" అని నిమ్మత్త ఊగిపోయి నాలుగు కాయలు రాల్చుకుంది.

"అయ్యా, అది పసిది, దాంట్లో ఏముంది? ముందు నా ఆకుతో ఎంగిలి పడండి" అంటూ మెత్తగడ్డి తనకి మిగిలిన ఒకే ఒక్క పచ్చి ఆకుని చిన్నికి అడ్డంగా వంచింది.

"నువ్వంతగా అంటుంటే కాదనలేను" అని మిడతయ్య కరుక్కున కొరికాడు. ఆకు చిట్లింది.

అంతే, ఇన్నాళ్ళూ మింగిన తిట్లన్నీ ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చాయి.

"నీ మొహం మండ! బిడ్డ జోలికి వస్తావంట్రా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా! సిగ్గుండాలబ్బా! పో అవతలికి!"

ఇదంతా ఎవరికీ వినపడలేదు. అంత వేగంగా వచ్చే తిట్టు చెవికి అందదు, ముక్కుకే అందుతుంది. గట్టంతా నిమ్మకాయ ఘాటు గుప్పుమంది.

మిడతయ్య పదిహేను తుమ్ములు తుమ్మాడు. కళ్ళు నులుముకుంటూ, "వెళ్తాను" అన్నాడు. "వెళ్ళొస్తాను" అనలేదు. మళ్ళీ రాలేదు కూడా.

చిట్లిన ఆకులోంచి నూనె చుక్కలు బూజక్క చాప మీద పడ్డాయి. "మీ ఇల్లే అనుకోమన్నావుగా!" అంటూనే ఆవిడ ముడుచుకుపోయింది. చెల్లెళ్ళు చాపలు చుట్టుకునే తీరిక కూడా లేక ఎక్కడివాళ్ళక్కడ ఎండిపోయారు.

"క్షమించండి" అందామని మెత్తగడ్డి నోరు తెరవబోయింది. నోరు లేదు. ఆ తిట్లతోపాటే ఊడిపోయింది. చిన్ని మాత్రం ఉంది. మెత్తగడ్డి మాటలేమీ లేకుండా తెగిన ఆకుతోనే దాన్ని దగ్గరికి తీసుకుంది.

"అచ్చం నా నోరే! నా యాసే!" అని నిమ్మత్త ఆనందంతో ఏడ్చింది. ఆ రోజే మెత్తగడ్డికి నిమ్మగడ్డి అని పేరు పెట్టింది.

ఇది చూసి తులసి, పుదీనా, వామాకు వరసలో నిలబడి నోళ్ళు ఇచ్చేసి వాసనలు తెచ్చుకున్నాయి. గుమ్మడితీగ కబుర్లలో పడి ఆలస్యంగా వచ్చింది. దానికి నోరూ పోయింది, ఘాటూ దక్కలేదు.

అప్పటినుంచే నిమ్మగడ్డి పక్కనుంచి వెళ్తే ఏమీ అనదు. గిల్లితే, నలిపితే మాత్రం నిమ్మకాయ యాసలో తిడుతుంది. దోమకి ఆ తిట్టు అర్థమవుతుంది, పురుగుకి అర్థమవుతుంది, బూజుకి అర్థమవుతుంది. అర్థం కానిది మనుషులకే. మా వీధి చెంగమ్మవ్వ రోజూ ఒక ఆకు తెంపి, నలిపి, "నీ మొహం మండ" అనిపించుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా, ఏం వాసనబ్బా!" అంటుంది. ఆ తిట్లని టీలో వేసి, రెండు చెంచాల పంచదార కలుపుకుని తాగేస్తుంది. నిమ్మగడ్డి ఏం చేస్తుంది పాపం? మర్యాదస్తురాలు కదా, మర్నాటికి అవ్వ కోసం ఇంకో ఆకు పెంచి పెడుతుంది.