పదివేల నాలుగువందల మూడు పలకలు

రాతి గనుల ఊళ్ళో అనంతయ్యగారి దగ్గర గణితం నేర్చుకుంటున్న ఉపేంద్ర ఒకనాడు ఆయన్ని అడిగాడు: "గురువుగారూ, ఒక పని కుదరదని ఎప్పుడు తేల్చి చెప్పవచ్చు?"

"రాళ్ళు కొట్టేవాళ్ళ పేటలో ఈరమ్మ ఏదో లెక్క చూసిపెట్టమంది. వెళ్ళిరా," అన్నారాయన.

ఈరమ్మ భర్త ఓబులేసు ఆ ఏడే పోయాడు. పేటలో పెళ్ళి చేసుకోవడానికి చదునైన చోటు లేదని, జానెడు చదరపు పలకలు చెక్కి ఇంటి వెనక పోగు వేస్తూ వచ్చినవాడు. అవి పరవకముందే కన్నుమూశాడు. లెక్కపెడితే పదివేల నాలుగువందల మూడు తేలాయి.

"నాలుగు మూలలూ సరిగ్గా రావాల నాయనా," అంది ఈరమ్మ. "ఆయన చేతి రాయి ఒక్కటి గూడా మిగలగూడదు. పగలగొట్టగూడదు."

ఉపేంద్ర అక్కడే కూర్చుని భాగహారాలు మొదలుపెట్టాడు. రెండు, మూడు, అయిదు, ఏడు... తొంభై ఏడు దాకా దేనితో భాగించినా శేషం మిగిలింది. నూరు నూర్లు పదివేలు కదా, నూరు దాటి చూడనక్కర్లేదనుకున్నాడు. చెప్పేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

"ఇది ప్రధాన సంఖ్య, పెద్దమ్మా. ఒకే వరుసగా తప్ప, మిగలకుండా పేర్చడం ఎవరివల్లా కాదు. నూరుకు నూరు పరిచి, మిగతా నాలుగువందల మూడూ పక్కన పెట్టేయండి."

ఈరమ్మ తల ఊపింది. ఒక పలకను కొంగుతో తుడిచి మళ్ళీ పోగు మీద పెట్టింది.

నెల తర్వాత పేటలో పెళ్ళికి పిలిస్తే ఉపేంద్ర వెళ్ళాడు. పందిరి కింద నేలంతా పలకలు పరిచి ఉన్నాయి. ఇంటి వెనక పోగు లేదు.

"మిగిలినవి ఏం చేశారు పెద్దమ్మా?"

"నువ్వు చెప్పినట్టే నూరుకు నూరు పరిచినా. మిగిలినవాటిని చూస్తే పారేసేదానికి మనసొప్పలా. ఒక పక్క ఒక వరుస ఏసినా, నూరు పట్టినాయి. అడ్డంగా ఇంకోటి ఏస్తే నూటొకటి. మళ్ళా అట్లాంటివే రెండు వరుసలు. అంతటితో అయిపోయినాయి."

ఉపేంద్ర చెప్పులు విప్పి, అంచు వెంబడి నడుస్తూ లెక్కపెట్టాడు. ఒక వైపు నూటొకటి, ఇంకో వైపు నూటమూడు. మనసులోనే గుణించి చూసుకున్నాడు. సరిపోయింది.

సాయంత్రం గురువుగారి ముందు నిలబడి చెప్పాడు: "తొంభై ఏడు తర్వాత నేను చూడవలసింది ఒక్క నూటొకటే. అదొక్కటీ చూడకుండా వదిలేశాను."

"కుదరదని ఆమెకు చెప్పడానికి నీకు ఎంతసేపు పట్టింది?"

"గంట పట్టి ఉంటుందండీ."

"ఓబులేసు రోజూ గని నుంచి వచ్చాక మూడేసి పలకలు చెక్కేవాడు, తొమ్మిదేళ్ళకు పైగా," అన్నారు అనంతయ్యగారు.