మజ్జిగ పోశాక

ఫింటన్‌కు తన అన్న మొహం చూడటం ఇష్టం లేదు. అమ్మకు బాగాలేదని అన్న కబురు ఆలస్యంగా పంపాడు. ఫింటన్ వెళ్ళేసరికి ఆమెను మట్టి చేసేశారు.

ఐర్లండు పడమటి తీరాన ఒక చిన్న రాతి దీవి ఉంది. దాని మీద ఉన్న మఠంలో ఫింటన్ సన్యాసి. అతని గురువు ఫాదర్ లోర్కన్.

ఏటా అమ్మ పోయిన రోజున ఫింటన్ ఆమె చేసే రొట్టె చేసేవాడు. మన దిబ్బరొట్టెలాగే దాన్ని బరువైన ఇనప గిన్నెలో పెట్టి, కిందా, మూత పైనా నిప్పులు వేసి కాలుస్తారు. కాల్చేముందు కత్తితో పైన సిలువ గీస్తారు కనుక నాలుగు ముక్కలుగా విరుగుతుంది. ఇంట్లో నలుగురికి నాలుగు పాళ్ళన్నమాట. అమ్మానాన్నల పాళ్ళు పేదలకు ఇచ్చేవాడు. తన పాలు గురువుతో పంచుకునేవాడు. అన్న పాలు మాత్రం కొండ అంచుకు తీసుకెళ్ళి సముద్రపు పక్షులకు విసిరేవాడు.

ఫాదర్ లోర్కన్ ఏటా చూస్తూనే ఉన్నాడు.

ఆ ఏడు ఫింటన్ పిండిలో ఉప్పూ, సోడా వేసి, పుల్లమజ్జిగ పోసి కలుపుతున్నాడు. గురువు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మీ అన్న డోనల్ వచ్చాడు. గేటు బయటే ఉన్నాడు. నువ్వు పిలిస్తేనే లోపలికి వస్తాడట.”

ఫింటన్ చెయ్యి ఆగింది.

“పోటు తగ్గేలోపు పడవ వెళ్ళిపోవాలి. ఇక చలికాలం. మళ్ళీ వసంతం దాకా పడవలు రావు.”

“వెళ్ళనివ్వండి ఫాదర్. ఇప్పుడు ఎదురుపడితే ఏదో ఒకటి అనేస్తాను. ముందు నా కోపం చల్లారాలి. వసంతంలో చూద్దాం.”

“మంచిది,” అన్నాడు గురువు. వచ్చి బల్ల పక్కన పీట మీద కూర్చున్నాడు.

ఫింటన్ పిండిని గుండ్రంగా చేసి, సిలువ గీసి, గిన్నెలో పెట్టబోయాడు. ఫాదర్ లోర్కన్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

“బల్ల మీద పెట్టు.”

“ఎందుకండీ?”

“అమ్మ రొట్టె కదా. కోపంతో కాలుస్తావా? చల్లారాక కాలుద్దాం.”

ఫింటన్ పెట్టాడు. గురువు పట్టు వదల్లేదు. కింద రేవులో పడవవాడు కొమ్ము ఊదాడు. పిండి మీద చిన్న చిన్న బుడగలు లేచి చిట్లుతున్నాయి. సిలువ గీత మెల్లగా పూడుకుంటోంది.

“ఫాదర్, వదలండి.”

“తొందరేముంది?”

“రాత్రంతా నానబెట్టడానికి ఇది ఈస్టు రొట్టె కాదండీ. మజ్జిగ తగలగానే సోడా పొంగుతుంది. ఆ పొంగు ఉండగానే నిప్పు మీదికి వెళ్ళాలి. అది దాటిపోయాక ఎంత మంట పెట్టినా లేవదు. రాయే.”

“వసంతంలో పెడితేనో?”

కొమ్ము మళ్ళీ మోగింది.

గురువు అతని చెయ్యి వదిలేశాడు. ఫింటన్ పిండి వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తాడు.

డోనల్ అప్పటికే రేవు మెట్లు దిగుతున్నాడు.

“అన్నా.”

డోనల్ వెనక్కి తిరిగాడు. జుట్టంతా నెరిసిపోయింది. తమ్ముడి మొహం చూడలేక చేతుల వంక చూశాడు.

“మజ్జిగ పోసేశావా?”

“పోశాను.”

“పోసి, వదిలేసి వచ్చావా? అమ్మ ఉంటే గరిటె తిరగేసేది.”

“లోపలికి రా అన్నా.”

వాళ్ళు వంటింట్లోకి వచ్చేసరికి గిన్నె నిప్పుల మీద ఉంది. ఫాదర్ లోర్కన్ మూత మీద కణికలు సర్దుతున్నాడు.

రొట్టె సగమే పొంగింది. పడవవాడు నీళ్ళ వైపు చూసుకుంటూ, తిట్టుకుంటూనే ఆగాడు. అందుకు నాన్న పాలు అతనికి దక్కింది. డోనల్ తన ముక్క కొరికి, “గట్టిగా ఉందిరా,” అన్నాడు. మిగిలింది వేడివేడిగానే కోటు లోపల దాచుకుని పడవెక్కాడు.

సాయంత్రం పక్షులు అలవాటుగా కొండ అంచుకు చేరాయి. అరుచుకుంటూ చాలాసేపు తిరిగాయి.

ఫింటన్ వాటికి ఖాళీ చేతులు చూపించాడు.